ఖాళీ పాడె

1

ఇవాళ పోలినాయుణ్ణి దింపాను. బతికున్నన్నాళ్ళూ కొలిమి దగ్గర కూర్చుని ఊరందరినీ తిట్టిపోసిన మనిషి, పాడెలో మాత్రం బుద్ధిగా పడుకున్నాడు. వాళ్ళావిడ ఏడుస్తూనే అతని చొక్కా గుండీలు ఊడదీసుకుంది. ఇక్కడ గుండీలు మళ్ళీ దొరకవు కదా. ఎవరూ తప్పు పట్టలేదు.

పాడె అంటే పాత బొమ్మల్లో కనిపించే వెదురు పాడె కాదు. మనిషి పొడవున ఉండే రేకు డొల్ల. తలవైపు ఊరి గాలి కాస్త నింపుతాం. చెవి దగ్గర స్పీకరు, నోటి దగ్గర మైకు పెడతాం. కాళ్ళవైపు వైకుంఠం తన పరికరాలు అమరుస్తాడు. వైకుంఠం శని మబ్బుల మీద తేలే మా పైవలస ఊళ్ళో వాతావరణం చూసే ఉద్యోగి. టైటాన్‌లో చదువుకుని వచ్చాడు, ఆ సంగతి ఎవరినీ మర్చిపోనివ్వడు. డొల్లని తీగకి తగిలించి ఊరి అడుగు తలుపులోంచి వదులుతాను. అమ్మోనియా మబ్బు దాటి, దాని కింద గోధుమరంగు మబ్బు దాటి, నీళ్ళ మబ్బు అంచుకి చేరేసరికి తీగ అయిపోతుంది. తీగ తిరిగి పైకి వచ్చినప్పుడల్లా ఆ గోధుమ మబ్బు కంపు మోసుకొస్తుంది, కుళ్ళిన కోడిగుడ్ల కంపు. ఎంత తుడిచినా నా చేతులకి ఆ వాసన పోదు. పెళ్ళి సంబంధాలు రాకపోవడానికి అదీ ఒక కారణం.

తీగ చివర దింపుడు కళ్ళం. భూమ్మీద శవాన్ని మోసుకుపోతూ దారిలో ఒకచోట దించి, చెవిలో మూడుసార్లు పిలిచేవాళ్ళట, ప్రాణం ఉంటే పలుకుతారేమోనని. మాకు దారీ లేదు, దించడానికి నేలా లేదు. అందుకని వేలాడదీసి పిలుస్తాం. చుట్టాలు మైకులో పిలుస్తారు, నేను హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని వింటాను. పలికితే పైకి లాగాలి. పలక్కపోతే జనం వైపు తిరిగి, "పలకలేదర్రా, పోనాడు" అని గట్టిగా చెప్పి మీట వంచాలి. ఇక తీగ వదిలేస్తుంది. డొల్ల పడుతూనే ఉంటుంది. శనిలో ఏదైనా ఎక్కడో ఒకచోట పడి ఆగడం అనేది లేదు. గాలి చిక్కబడి చిక్కబడి ఎక్కడ ద్రవమైందో తెలియకుండా ద్రవమవుతుంది. ఆ లోపలే రేకు నలిగి, కరిగి, శనిలో కలుస్తుంది.

అది నలిగేలోపు పరికరాలు రేడియోలో పంపే లెక్కలు రాసుకోవడం నా రెండో పని. ఎంత ఒత్తిడి, ఎంత వేడి, గాలి ఎటు. పోలినాయుడి లెక్కలు చూసి వైకుంఠం మొహం మాడ్చుకున్నాడు. నీళ్ళ మబ్బు కింద ఉండాల్సిన దానికంటే వేడిగా ఉందట.

2

వైకుంఠం ఇవాళ ఊరిని సమావేశపరిచి భయపెట్టాడు. శని అడుగున వేడి పోగుపడి, ముప్పయ్యేళ్ళకో మాటు నీళ్ళ మబ్బుని చీల్చుకుని పైకి లేస్తుంది. తెల్ల తుఫాను. అది లేస్తే భూమి అంత మేర మబ్బు ఉడుకుతుంది. దాని దారిలో ఉన్న ఊరు మిగలదు.

"అయితే ఉత్తరానికి జరిగిపోదాం. అడ్డేటి?" అన్నాడు మా ఊరి పెద్ద జగ్గారావు.

"జరగడానికి ఇంధనం ఒక్కసారికే ఉంది. తుఫాను రాకుండానే జరిగామా, అది నిజంగా వచ్చినప్పుడు కదల్లేం. కింద వేడి పెరుగుతోందా, తగ్గుతోందా నాకు ఖాయంగా తెలియాలి. ఇంకొక్క పాడె దిగాలి."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఊళ్ళో అందరూ నిక్షేపంగా ఉన్నారు. చచ్చేవాళ్ళు లేరు.

ఖాళీగా దింపవచ్చు కదా అని బయటి వాళ్ళెవరైనా అడగొచ్చు. పైవలసలో అలా అడగరు. ఖాళీ పాడె దింపితే శని మనిషిని అడుగుతాడు. ఎప్పుడో ఒకసారి ఖాళీది దింపితే ఆ రోజే, కొలిమి వేడితో ఊరిని తేల్చే గాలి సంచుల్లో ఒకటి చిరిగి కొందరు పోయారు. అప్పటినుంచి మనిషి లేకుండా పాడె దిగలేదు. ఈ మాట నమ్ముతారా అని వైకుంఠం ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగాడు. "నాను నమ్మను గానీ ఊరు నమ్ముతాది కదా బాబూ" అన్నారు అందరూ, ఒకరి తర్వాత ఒకరు. ఊరు అంటే వీళ్ళే. ఆ మాట నేను పైకే అన్నాను. నవ్వారు, అంతే.

ఎవరో కోడిని పెట్టి దింపుదామన్నారు. దాని మీద చాలాసేపు వాదులాడుకున్నారు. కోడిని మనిషి కింద లెక్కేస్తే రేపు మనిషిని కోడి కింద లెక్కేస్తారని జగ్గారావు తేల్చాడు. ఆ మాటకి చప్పట్లు కూడా పడ్డాయి. అవి పడుతున్నంతసేపూ కొందరి చూపు నా మీదే ఉంది. నా మీద కాదు, నా గదిలో మంచానపడి ఉన్న మా అమ్మ మీద.

3

మా అమ్మ అప్పలకొండ నాకు ముందు ఈ ఊళ్ళో పాడెలు దింపింది. ఇప్పుడు కాళ్ళు రావు. గుండె ఒక్కోసారి మర్చిపోయినట్టు ఆగి మళ్ళీ మొదలవుతుంది. నోరు మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు.

సమావేశం అయిన మర్నాటినుంచి మా గదికి తిరునాళ్ళలా జనం. ఏళ్ళ తరబడి గుమ్మం తొక్కని వాళ్ళు కూడా వచ్చి అమ్మ మంచం పక్కన కూర్చుంటున్నారు. పక్కగది సన్నెమ్మ రోజూ జావ తెస్తుంది. ఊళ్ళో నాడి చూసే మనిషి ఆమే. గిన్నె కింద పెట్టకముందే అమ్మ మణికట్టు పట్టుకుంటుంది.

"అత్తా, ఎలగుంది ఒంట్లో?"

"నీ మొగం సూడగానే బాగైపోనాదే. ఎందుకే అలగ ఏలాడబడిపోనావు?"

సన్నెమ్మ వెళ్ళాక అమ్మ నాతో అంది: "ఏటే నూకీ, ఆ జావ నన్ను బతికించడానికి పోస్తన్నాదా, సంపడానికి పోస్తన్నాదా? దానికే తెల్దు పాపం. మా రుచిగుంది, రోజూ రమ్మను."

నా పేరు నూకరత్నం. నూకీ అని పిలిచే నోరు ఊళ్ళో అదొక్కటే.

అమ్మకి ఎప్పుడూ చలి. ఇక్కడ ఎవరికైనా చలే. గోడ అవతల అమ్మోనియా మంచు రాలుతుంటుంది. వలయాల నీడ మా మీద పడినప్పటినుంచి పగలు కూడా మసకగానే ఉంటోంది. ఆ పగలైనా ఎంతసేపు గనక? అన్నానికి కూర్చున్నప్పుడు ఉన్న వెలుగు చెయ్యి కడుక్కునేసరికి ఉండదు. అమ్మ పాదాలు నా ఒళ్ళో పెట్టుకుని రుద్దుతాను. ఎంత రుద్దినా రేకుల్లా ఉంటాయి. "ఒక్కపాలి ఎచ్చగ పడుకోవాలనుందే. ఇంకేటీ వొద్దు నాకు" అంటుంది. నాకు విసుగు. నాకేం తక్కువ చలా? అయినా రుద్దుతాను.

4

ఊరి గోడకి చిల్లులు పూడ్చే పని నాకు పడింది. బయటి హైడ్రోజన్‌లో మంట పుట్టదు. మన ఊపిరి గాలి చిల్లులోంచి బయటికి కారి, దానికి మెరుపు తగిలితేనే మంట. అంచేత గోడ బయట నీలిమంట కనిపిస్తే అక్కడ మన ఊపిరి పోతోందన్నమాట. చిన్నప్పుడు ఏడాదికి ఒకటో రెండో చూసేవాళ్ళం. ఇవాళ కిటికీలోంచి చూస్తే గోడ పొడుగునా దీపాలు పెట్టినట్టున్నాయి. చిల్లులు కొత్తవి కావు, మెరుపులే ఎక్కువయ్యాయి. కింది మబ్బుల్లో మెరుస్తూనే ఉంది. పిల్లలు చూసి ముచ్చటపడుతున్నారు. నేను బంక రాసి రాసి వేళ్ళు అంటుకుపోయి వచ్చాను.

వచ్చేసరికి జగ్గారావు అమ్మ దగ్గర కూర్చుని ఉన్నాడు. అమ్మ అతన్ని కబురు పెట్టి పిలిపించిందట.

"ఒరే జగ్గా, ఖాళీ పాడె దింపండ్రా. ఏటీ అవ్వదు. ఆ మాట పుట్టించింది నానే."

జగ్గారావు నవ్వబోయి ఆగాడు.

"ఈళ్ళ నాన్న పోనప్పుడు అప్పటి ఆపీసరు ఏటన్నాడో తెలుసునా? డొల్లలు పరికరాలకే సాలవు, సచ్చినోళ్ళకి దండగ, ఎరువు తొట్టిలో ఏసీయండి అన్నాడు. ఆ తొట్టిలో ఎదిగిన తోటకూర ఈ నూకి గుంటకి నాను ఒండి పెట్టాలా? ఆ దినమే ఖాళీది దింపినారు, ఆ దినమే సంచి సిరిగింది. నాను బజార్లో నిలబడి, శని మనిషిని అడిగినాడర్రా అన్నాను. అంతే. ఆ మాట ఊరంతా తిరిగి నా దగ్గిరికే వొచ్చింది, నాకే సెప్పినారు. ఆపీసరు నోరు మూసుకున్నాడు. మీ నాన్నకి పాడె దొరికింది నూకీ. ఆ తరవాత అందరికీ దొరికింది."

నాకు నాన్న ముఖం గుర్తులేదు. ఆయన కోసం అమ్మ ఊరు ఊరినే ఇలా ఆడించిందంటే గర్వంగానే అనిపించింది.

జగ్గారావు లేచి అమ్మ దుప్పటి సర్ది, "అప్పా, సావంటే ఎవరికి బయముండదు? నువ్వేటీ అనుకోకు" అన్నాడు. బయటికి వచ్చి అందరికీ చెప్పాడు, ముసలిదానికి ప్రాణం మీద తీపి పుట్టి లేనిపోనివి కల్పిస్తోందని. అబద్ధం చెప్పిన రోజున ఊరంతా నమ్మింది. నిజం చెప్పిన రోజున ఒక్కడూ నమ్మలేదు.

సన్నెమ్మ సాయంత్రం జావలో బెల్లం కూడా వేసి తెచ్చింది.

5

వైకుంఠం ఇవాళ అడుగు తలుపు దగ్గరికి ఒక్కడే వచ్చాడు. ఆ టైటాన్ దర్జా ఏమీ మిగల్లేదు, గడ్డం కూడా గీసుకోలేదు.

"మీట తాళం మీ దగ్గరే ఉంది నూకరత్నంగారూ. ఖాళీది దింపేద్దాం. నేను ఎవరికీ చెప్పను."

"తీగ తిరిగే చప్పుడు ఊరంతా వినిపిస్తుంది. ఎవరు పోయారని పరిగెత్తుకొస్తారు."

"మీరు నమ్ముతున్నారా ఆ మాట?"

"నమ్మను. పుట్టించినావిడ నోటినుంచే విన్నాను. కానీ రేపు ఏ సంచి చిరిగినా, ఏ పిల్లాడికి జ్వరం వచ్చినా నా పేరే చెప్తారు. ఈ ఊళ్ళోంచి నన్ను గెంటేస్తే ఎక్కడికి పోవాలి? బయట నడవడానికి ఏముంది?"

"ఊరే పోతే?"

"పోతే అందరితో పాటు పోతాను. ఒక్కదాన్నే మాట పడలేను."

అతను నా వంక అదోలా చూశాడు. చూస్తే చూశాడు. చదువుకున్నవాడు, గడువు తీరితే టైటాన్‌కి పోయేవాడు. తాళం మాత్రం నా నడుముకే ఉంది.

ఇవాళ కిటికీలోంచి తూర్పున మబ్బు ఉబ్బి కనిపించింది. తెల్లగా, గుండ్రంగా, పొంగే పాలలా. ఒక్కచోటే. కాసేపటికి అణిగిపోయింది. అణిగిందని జనం సంబరపడ్డారు. వైకుంఠం పడలేదు, నేనూ పడలేదు.

6

అమ్మ పోయింది. అలా రాయాలి కాబట్టి రాశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున జావ తాగలేదు. కళ్ళు మూతపడ్డాయి, పిలిస్తే పలకలేదు. సన్నెమ్మ వచ్చి నాడి పట్టుకుంది, ముక్కు దగ్గర వేలు పెట్టింది, మెడ మీద చెయ్యి వేసింది. అలా చూసి చూసి "పోనట్టే వొదినా" అంది.

"పోయినట్టా, పోయిందా?"

"నాడి నాకైతే తగల్లేదు."

ఆమె ఆ మాట అనేసరికి గుమ్మం దగ్గర జగ్గారావు సిద్ధంగా ఉన్నాడు. అతని వెనక సగం ఊరు. నేను అమ్మ చంకలో చెయ్యి పెట్టి చూశాను. పాదాలు ఎప్పట్లాగే చల్లగా ఉన్నాయి గానీ చంకలో ఇంకా వెచ్చదనం ఉంది.

"కాసేపు ఆగుదాం. ఒళ్ళు వెచ్చగానే ఉంది" అన్నాను.

"దుప్పట్లో ఉన్నాది కదా, ఎచ్చగానే ఉంటాది" అన్నాడు జగ్గారావు. "అయినా దింపుడు కళ్ళం ఉండనే ఉంది గదమ్మా. పేణం ఉంటే పలుకుతాది. మనం లాగీమా ఏటి?"

ఆ మాటకి జవాబు ఉందేమో గానీ నేను వెతకలేదు. తూర్పున ఆ తెల్లటిది మళ్ళీ పొంగుతోంది. ఈసారి అణగలేదు.

పాడెలో పడుకోబెట్టాం. పాదాలకి నా శాలువా చుట్టాను. శాలువా ఎందుకు, పైన ఎవరికైనా పనికొస్తుంది కదా అని ఒకావిడ గొణిగితే ఆమె వైపు చూశాను. నోరు మూసుకుంది. తీగ తిరుగుతున్నంతసేపూ ఊరు ఊరంతా అడుగు తలుపు చుట్టూ నిలబడి ఉంది. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నారు. వైకుంఠం కాగితం, పెన్సిలు నా ముందు పెట్టి దూరంగా నిలబడ్డాడు. అమ్మోనియా మబ్బు దాటింది. గోధుమ మబ్బు దాటింది. కిందికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది శనిలో. పైన మేం గడ్డకట్టుకుపోతుంటే, నీళ్ళ మబ్బు అంచు దగ్గర భూమ్మీద ఎండాకాలం పొద్దున్నలా ఉంటుందట. తీగ అయిపోయి ఆగింది.

చుట్టం నేనే, వినేదీ నేనే. మైకు దగ్గరికి వంగాను.

"అమ్మా."

ఏమీ లేదు. తీగ చేసే జుయ్యిమనే చప్పుడే.

"అమ్మా."

ఏమీ లేదు. జగ్గారావు అప్పుడే తల దించుకున్నాడు, దణ్ణానికి.

"అమ్మా."

"ఏటే?"

నిద్రలోంచి లేపితే విసుక్కున్నట్టు, రోజూ అన్నట్టే అంది.

"ఏటే నూకీ? మా ఎచ్చగుందే ఇక్కడ. కాళ్ళు కూడా ఎచ్చబడినాయి."

ఆ మాట నా చెవుల్లో తప్ప ఇంకెవరికీ వినపడలేదు. అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. అమ్మ తన రోజుల్లో ఒకణ్ణి లాగింది. మూడో పిలుపుకి మూలిగాడట. చేత్తో తిప్పే చక్రం ఆ రోజుల్లో. రెండు పూటలు ఒక్కతే తిప్పి, అరచేతులు చీరుకుపోయి, వాణ్ణి పైకి తెచ్చింది. వాడు ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికి, రోజూ మా గదికొచ్చి భోంచేసి వెళ్ళేవాడు. వాడు మాకేమీ కాడు. పలికినోణ్ణి లాగడమే మన పని, మిగిలిందంతా గాలి లెక్క అని అమ్మే నాకు నేర్పింది.

లాగొచ్చు. లాగడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట గడిచేసరికి తుఫాను లేచిపోతుంది, కొలత ఉండదు, అందరూ కలిసి అమ్మని చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు. ఇవన్నీ అప్పుడే ఆలోచించానని చెప్పుకుంటున్నాను. నిజానికి నాకు ముందుగా వచ్చింది కోపం. ఇంత చేశాక ఎందుకు పలికావే అని కోపం వచ్చింది. కన్నతల్లి బతికున్నందుకు ఒళ్ళు మండింది నాకు.

జనం వైపు తిరిగాను.

"పలకలేదర్రా. పోనాది" అన్నాను. మీట వంచాను.

ఎక్కడో ఒకావిడ ఏడుపు ఎత్తుకుంది. జగ్గారావు వచ్చి నా తలమీద చెయ్యి పెట్టాడు. నేను చెవులకి పెట్టుకున్నవి తియ్యలేదు, తియ్యడానికి లేదు. లెక్కలు రాయాలి. ఒక చెవిలో పరికరాల కూత, రెండో చెవిలో అమ్మ.

"నూకీ, తీగ తెగిందే. జోరుగా పోతన్నాను."

ఒత్తిడి రాశాను.

"తెగితే ముందు కుదుపొస్తాది. కుదుపు రానేదు. మీట వొంచినావా?"

వేడి రాశాను. పెరుగుతోంది. పోలినాయుడప్పటి కంటే చాలా ఎక్కువ. వైకుంఠం నా భుజం మీంచి చూసి, "లేస్తోంది, లేస్తోంది, కొలిమి పెంచండి" అని అరుస్తూ పరిగెత్తాడు. జనం అతని వెనక పరిగెత్తారు. నేనొక్కదాన్నే మిగిలాను.

"ఉడుకుతోందే" అంది అమ్మ. గాలి ఎటు వీస్తోందో రాశాను. అక్షరాలు ఒక్కటీ వంకర పోలేదు. ఆ తర్వాత ఆమె ఇంకా మాట్లాడింది. అది ఇవాళ రాయను.

7

జరిగాం. దాచిన ఇంధనమంతా కొలిమిలో ఊదేసి ఉత్తరానికి, పైకి. వెనక్కి చూస్తే మేం ఇదివరకు ఉన్న చోట తెల్లటి తుఫాను నిలువునా లేచి, వలయాల వైపు చెయ్యి చాచినట్టు ఉంది. దాని తోక శని చుట్టూ సగం దూరం పరుచుకుందని వైకుంఠం చెప్పాడు. అక్కడే ఉండి ఉంటే గుండీ కూడా మిగిలేది కాదు.

ఊరు పండగ చేసుకుంది. జగ్గారావు నిలబడి అమ్మ గురించి మాట్లాడాడు. అప్పలకొండ ఊరి కోసం సమయానికి పోయిందన్నాడు. భయపడి ఏదేదో అన్నా చివరికి మంచి చావే చచ్చిందన్నాడు. కొత్త కొలిమి గదికి ఆమె పేరు పెట్టారు, అక్కడ ఎప్పుడూ వెచ్చగా ఉంటుందని. ఆ సంగతి ఎవరికి తోచిందో నాకు తెలియదు. నేను తిన్నాను, బాగానే తిన్నాను.

ఊరు జరగడానికి దాచిన ఇంధనం అయిపోయింది కాబట్టి ఇకముందు ఇంకా తరచుగా కొలవాలన్నాడు వైకుంఠం. కాస్త పైకో కిందికో తప్పుకోవడానికైనా ముందుగా తెలియాలట. ఖాళీ పాడె మాట అతను మళ్ళీ ఎత్తలేదు. నా వంక కూడా చూడలేదు.

ఆ పండగ రోజునుంచే నాకు దగ్గు. గోడకి బంక రాసినప్పుడు అమ్మోనియా పీల్చినట్టున్నాను. ఇవాళ పొద్దున తలుపు చప్పుడైంది. సన్నెమ్మ. చేతిలో గిన్నె.

"వొదినా, జావ తెచ్చినాను. ఎలగుంది ఒంట్లో?"

గిన్నె కింద పెట్టకముందే నా మణికట్టు పట్టుకుంది. జావలో బెల్లం వేసింది. తాగాను. అమ్మ చెప్పినట్టు రుచిగానే ఉంది.

నాకు మొగుడు లేడు, పిల్లలు లేరు. నన్ను దింపిన రోజున తీగ చివర నన్ను పిలవడానికి ఎవరున్నారా అని సన్నెమ్మ వెళ్ళాక ఆలోచించాను. ఎవరూ అక్కర్లేదు. ఆ పని అమ్మ ముందే చేసి పోయింది.

ఆ రోజు రాయనిది ఇదే. ఉడుకుతోందే అన్నాక చాలాసేపు ఆమె మాట్లాడలేదు. రేకు నలగడం మొదలైంది, కీచుమని చప్పుడు. అయిపోయిందనుకున్నాను. అప్పుడు గొంతు సవరించుకుంది. పని మీద ఉన్నప్పటి గొంతు, నా చిన్నప్పుడు ఈ తలుపు దగ్గర నిలబడి ఊరందరికీ వినపడేట్టు పలికే గొంతు.

"నూకీ" అంది.

నా నోరు మైకు దగ్గరే ఉంది. పెదాలు తెరవలేదు.

"నూకీ."

అడుగు తలుపు దగ్గర ఎవరూ లేరు. పలికినా వినేవాళ్ళు లేరు, ఆమె తప్ప. పలకలేదు.

"నూకీ."

కాసేపు ఆగింది. దింపేవాళ్ళు ఎంతసేపు ఆగాలో అంతసేపు ఆగింది. తర్వాత నాతో కాదు, అక్కడ ఆమె చుట్టూ ఎవరో గుమిగూడి ఉన్నట్టు, వాళ్ళవైపు తిరిగి చెప్పినట్టు చెప్పింది.

"పలకలేదర్రా. పోనాది మా నూకి."